కొత్త లోకమునుండి వచ్చిన పాట

పాశ్చాత్య సంగీతమున సింఫనీ యనునది ఒక పెద్ద ప్రక్రియ. మన సాహిత్యములో మహాకావ్యము ఎట్టిదో వారి వాద్యసంగీతములో సింఫనీ అట్టిది. దానిలో సామాన్యముగా పాడువారు ఉండరు, సాహిత్యము ఉండదు. అరువది డెబ్బది మంది వాద్యకారులు ఒకచోట కూర్చుండి, ముందుగా వ్రాసియుంచిన స్వరములను చూచుచు వాయింతురు. అట్టి సింఫనీలలో ఒకదానిని గురించి ఈ సంచికలో విద్యార్థులకును వారి తలిదండ్రులకును చెప్పదలచితిమి. దాని పేరు ‘కొత్త లోకమునుండి’. వ్రాసినవాడు అంతోనిన్ ద్వొర్జాక్ అను చెక్ జాతీయుడు. తుంగభద్ర గట్టున కెంచనగుడ్డలో నుండు మనకు, అమెరికాలో కూర్చుండి ఒక చెక్ దేశీయుడు వ్రాసిన సంగీతముతో ఏమి పని యని అడుగువారు ఉందురు. కొంచెము ఓపికతో చదివినచో ఆ పని ఏమో వారికే తెలియును.

ముందు సింఫనీ కట్టుబడి తెలియవలెను. మన కచేరిలో గాయకుడు ప్రధానుడు. ఫిడేలు అతనిని అనుసరించును, మృదంగము నడకను చూపును. రాగము ఒకటి, దారి ఒకటి. పాశ్చాత్యుల పద్ధతి వేరు. అక్కడ ఒకే క్షణమున ఫిడేళ్లు ఒక స్వరమును, వేణువులు మరియొక స్వరమును, ఇత్తడి బాకాలు వేరొక స్వరమును పలుకును. అవి యన్నియు కలిసి చెవికి ఇంపగునట్లు కూర్చుటయే వారి విద్య. మన వరినాట్లలో ఒక ఆడకూతురు పాట ఎత్తుకొనును, తక్కినవారు వంత పాడుదురు. ఆ వంత పాడువారు ఆమె మెట్టుననే పాడక, నలుగురు నాలుగు మెట్లపై పాడియు, గొడవ కాకుండ ఒకదానిలో ఒకటి ఒదిగినచో ఎట్లుండునో ఊహింపుడు. సింఫనీ కొంతవరకు అట్టిది. వాద్యకారుల యెదుట ఒకడు సన్నని పుల్ల పట్టుకొని నిలుచును. అతడు ఏ వాద్యమును వాయింపడు. బొమ్మలో అతనిని చూచి మన పిల్లలు నవ్విరి. కోలాటమున నడుమ నిలిచి వేళ చూచి ‘మార్చు’ అని కేక వేయు గురువును తలచుకొన్న పిమ్మట నవ్వు మానిరి.

సింఫనీకి సామాన్యముగా నాలుగు భాగములుండును. మొదటిది చురుకైనది, రెండవది విలంబముగా నడచునది, మూడవది నాట్యపు నడక గలది, నాలుగవది ముగింపు. నాలుగు భాగములును నాలుగు వేరు పాటలు కావు. మంచి సింఫనీలో ఒక భాగమున పలికిన స్వరమాల మరియొక భాగమున మారువేషముతో వచ్చి తలుపు తట్టును. ఈ ‘కొత్త లోకము’ సింఫనీలో అది మరింత స్పష్టము. మొదటి భాగమున హారన్ అను ఇత్తడి వాద్యము పలికిన పిలుపు తక్కిన మూడింటిలోను మరల వినవచ్చును. మన కీర్తనలో పల్లవి మరలి వచ్చుట వంటిదే ఇదియు. ఐతే పల్లవి ఎప్పుడు వచ్చునో మనకు తెలియును. ఇది చెప్పక వచ్చును.

ఇక వ్రాసినవాని సంగతి. ద్వొర్జాక్ 1841 సెప్టెంబరు 8న ప్రాగ్ నగరమునకు ఉత్తరమున, వల్తావా నది యొడ్డున, నెలహొజెవెస్ అను పల్లెలో పుట్టెను. తండ్రి మాంసము అమ్మెడివాడు, పూటకూటి యిల్లు నడపెడివాడు, తీరిక వేళ జితర్ అను తంత్రీవాద్యము మీటెడివాడు. ఆ పిల్లవానిచేత మొదట ఫిడేలు పట్టించినవాడు ఊరి బడిపంతులు. (బడిపంతుళ్ల పని చరిత్రలో ఒక పంక్తికి మించి ఉండదు. ఇక్కడను అంతే.) ఆనాడు ఆ దేశము ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడిలో నుండెను. పల్లెటింట చెక్ భాష, సంతలో చెక్ భాష. సర్కారు కచేరీలలోను, పెద్ద చదువులలోను, పట్టణపు పెద్ద వర్తకములోను జర్మను భాష. జర్మను రానివానికి పల్లె దాటిన పిమ్మట బ్రతుకు తెరువు ఇరుకు. కావున తండ్రి ఆ బాలుని పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయమున, జర్మను నేర్చుకొని రమ్మని జ్లొనిత్సె అను ఊరికి పంపెను. అక్కడి జర్మను గురువు లీమన్ అనునతడు చర్చిలో ఆర్గను కూడ వాయించెడివాడు. శిష్యునకు అబ్బినది జర్మను కంటె సంగీతమే యెక్కువ.

ఆ తండ్రి చేసిన పని తప్పని మేము అనజాలము. పిల్లవాడు నాలుగు చోట్ల బ్రతుకవలెనని తండ్రి కోరును. మన యూరి తలిదండ్రులు కన్నడము చక్కగా రావలెననియు, ఇంగ్లీషు రావలెననియు కోరుటలోను అట్టి న్యాయమే కలదు. ప్రతి జూన్ నెలలో మా యొద్దకు వచ్చి, “సార్, తెలుగులో చదివిస్తే మావాడికి ఈ రాష్ట్రంలో ఏం దొరుకుతుంది?” అని యడుగుచు, బదిలీ పత్రము వ్రాసి యిమ్మనువారిని మేము కసరి పంపలేము. వారిది ఆకలి ప్రశ్న. దానికి మేము ఇచ్చు సమాధానము ఏ యేటి కాయేడు మరింత నెమ్మదిగా వెలువడుచున్నది. ద్వొర్జాక్ చరిత్రలో ఆ ప్రశ్నకు సిద్ధమైన జవాబు లేదు. ఆయన రెండు భాషల నడుమ ఎట్లు నడచెనో మాత్రము ఉన్నది.

ప్రాగ్‌లో ఆర్గను పాఠశాలలో చదువు ముగించిన పిమ్మట ఆయన ఒక నాటకశాల వాద్యబృందములో తొమ్మిదేండ్ల పాటు వయోలా వాయించి పొట్ట పోసికొనెను. వయోలా ఫిడేలు కంటె కొంచెము పెద్దది, గొంతు బొంగురు, పేరు తక్కువ. 1870వ దశకమున ఆస్ట్రియా ప్రభుత్వము పేద కళాకారులకిచ్చు వేతనము ఆయనకు దొరకెను. ఆ నిర్ణయము చేసినవారిలో జర్మను సంగీతజ్ఞుడైన యొహానెస్ బ్రామ్స్ ఒకడు. బ్రామ్సే ఆయనను బెర్లిన్ నగరములోని సిమ్‌రాక్ అను ప్రచురణకర్తకు ఎరుకపరచెను. 1878లో వెలువడిన స్లావు నృత్యములతో ఆయన పేరు ఐరోపా యంతట ప్రాకెను. చెక్ పల్లెవానికి ఆ తలుపు తెరచినది జర్మను మాటలాడువాడే. విద్యార్థులు ఈ సంగతి మరువరాదు. పొరుగు భాషవాడు పగవాడని యనుకొనువారికి ఇది గుర్తుచేయవలసిన సంగతి.

ఐనను సిమ్‌రాక్ ఆయన పేరును జర్మను రూపములో ‘అంతోన్’ అని అచ్చువేయుచుండగా ద్వొర్జాక్ ఒప్పుకొనలేదు. తన పేరు అంతోనిన్. వాదులాట సాగి సాగి, చివరకు రెండు భాషలకును సరిపోవునట్లు ‘అంత్’ అని కురుచచేసి ప్రక్కన చుక్క పెట్టుటకు సమాధానపడిరి. ఇంతపాటి దానికి తగవు ఎందుకని కొందరు అందురు. ఒక విద్యార్థి పేరు ఒక కాగితమున ఎల్లప్ప యనియు, వేరొక కాగితమున యల్లప్ప యనియు పడి, దానిని సరిచేయించుటకు ఆ తండ్రి ఎన్ని దినముల కూలి పోగొట్టుకొనునో యెరిగినవారు అట్లనరు. మేము ఆంధ్రలో శిక్షణ పొందుచున్ననాడు సహాధ్యాయులు మా యూరి పేరు విని, “గుడ్డ అంటే ఏ రంగు గుడ్డ?” అని నవ్వెడివారు. కన్నడమున గుడ్డ యనగా కొండ యని చెప్పి చెప్పి మా నోరు నొచ్చెను. ద్వొర్జాక్ ఇంటిపేరులోనే చెక్ భాషకు ప్రత్యేకమైన అక్షరమొకటి కలదు. అందులో ‘ర’ను దొర్లించుచునే ‘జ’ను పలుకవలెను. మన బండి ‘ఱ’ను మరచిపోయిన నాలుకలకు అది కొంచెము కష్టమే.

1892లో ఆయనకు అమెరికానుండి పిలుపు వచ్చెను. న్యూయార్కులో జానెట్ థర్బర్ అను వనిత స్థాపించిన జాతీయ సంగీత విద్యాలయమునకు అధ్యక్షుడుగా రమ్మనిరి. జీతము ఏడాదికి 15,000 డాలర్లు. ప్రాగ్‌లో వచ్చుదానికి అనేక రెట్లు. ఆయనకు ఆరుగురు బిడ్డలు. భార్యను, ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని, తక్కిన నలుగురిని స్వదేశమున అయినవారి యొద్ద విడిచి, ఆ సెప్టెంబరులో ఓడ దిగెను. సుగ్గి ముగిసినంతనే బెంగుళూరు పనులకు పోవుచు, బిడ్డలను అవ్వల యొద్ద వదలిపోవు ఇండ్లు మన యూర కొన్ని కలవు. ఆ యిండ్లవారికి ఈ వాక్యమును మేము విప్పి చెప్పనక్కరలేదు.

ఆ విద్యాలయమునకు ఒక ఘనత కలదు. ఆ కాలముననే నల్లజాతివారికిని స్త్రీలకును అందు ప్రవేశముండెను. అక్కడ చదువుచున్న హ్యారీ బర్లీ అను నల్లజాతి యువకుని తాత బానిసగా బ్రతికినవాడు. ఆ తాత నోట విన్న భక్తిగీతములను బర్లీ ద్వొర్జాక్ యింటికి వచ్చి పాడి వినిపించెడివాడు. బానిసలు చేలలో పాడుకొన్న పాటలవి. సభలలో వానికి చోటు లేని కాలమది. ద్వొర్జాక్ వానిని మరల మరల పాడించుకొని వినెను. అమెరికా సంగీతమునకు పునాది కాగల పాటలు ఇవియే యని 1893 మే నెలలో పత్రికాముఖమున ప్రకటించెను. అక్కడి పెద్దలలో కొందరికి ఆ మాట రుచింపలేదు. తమ యింటి వాకిట నున్న పాటను పరదేశి వచ్చి చూపవలసి వచ్చెను. మా దృష్టిలో ఆయన అమెరికాకు చేసిన ఉపకారములలో ఇది సింఫనీకి ఏమాత్రమును తక్కువ కాదు.

ఆ 1893 జనవరిలో మొదలుపెట్టి మే 24వ తేదీకి ఈ సింఫనీని ముగించెను. డిసెంబరు 16న న్యూయార్కులోని కార్నెగీ హాలులో ఆంటోన్ సైడల్ నడుపగా మొదటి ప్రదర్శన జరిగెను. రెండవ భాగము ముగియగానే జనులు చప్పట్లు ఆపకుండుటచే, పెట్టెలో కూర్చున్న ద్వొర్జాక్ లేచి నమస్కరింపవలసి వచ్చెనట. ఆయన బ్రతికియుండగా అచ్చైన సింఫనీలు ఐదే యగుటచే దీనిని చాలకాలము ఐదవది యనిరి. తొలినాటి నాలుగును లెక్కకు వచ్చిన పిమ్మట ఇది తొమ్మిదవదైనది. పాత రికార్డుల అట్టలపై అయిదు అని యున్నచో కంగారుపడనక్కరలేదు.

ఆ రెండవ భాగమునే మేము ముఖ్యముగా చెప్పదలచితిమి. దానికి లార్గో యని పేరు. మిక్కిలి విలంబము అని యర్థము. మొదట ఇత్తడి వాద్యములు గంభీరముగా కొన్ని స్వరసమూహములను పలికి, ఒక తెర తీసినట్లు తొలగును. తరువాత ఇంగ్లీషు హారన్ అను వాద్యము ఒంటరిగా పాట ఎత్తుకొనును. ఆ పేరు వట్టి మోసము. అది ఇంగ్లీషువారిదియు కాదు, హారనును కాదు. మన సన్నాయి వలె జంట రెల్లునాలుకల నడుమ ఊపిరి పోయు కొయ్య వాద్యము. సన్నాయికున్న గడుసుదనము దీనికి లేదు. జలుబు చేసి కోలుకొన్న మనిషి గొంతువలె కొంచెము మూతబడియుండును. అది పలుకు మొదటి స్వరములను మన లిపిలో వ్రాసినచో ఇట్లుండును: గ ప ప – గ రి స – రి గ ప గ రి. సంగీతము నేర్చుకొను పిల్లలు దీనిని చూచినంతనే పోల్తురు. స రి గ ప ద అను ఐదు స్వరముల మోహనరాగపు దారి యిది. ‘వరవీణా’ గీతము నేర్చిన ప్రతి బాలికకును తెలిసిన దారి. త్యాగరాజస్వామి ‘నను పాలింప’ కీర్తన నడచిన దారి. రెండు మూడు చరణముల పిమ్మట నిషాదము వచ్చి ఇది మోహనము కాదని చెప్పును, నిజమే. కాని అంతలో మనము లోపలికి వచ్చియే యుందుము.

ఇట్టి ఐదు స్వరముల పాటలు చెక్ పల్లెలలో కలవు, అమెరికా నల్లజాతివారిలో కలవు, చీనాలో కలవు, మన రోకటి పాటలలోను కలవు. ఎక్కువ మెట్లు లేని పాట అందరి గొంతుకును అందును. అందుచేతనే కాబోలు ఇది విన్న ప్రతివాడును, ‘దీనిని ఎక్కడనో చిన్ననాడు వింటిని’ అనును.

మేము దీనిని మొదట విన్నది గుంతకల్లులో. అనంతపురమున శిక్షణ పొందుచున్న దినములవి. ఇంటికి వచ్చునపుడు గుంతకల్లులో బండి మారవలెను. బళ్లారి బండి తప్పిన రాత్రులలో ఒక మిత్రుని మేనమామ గారింట తలదాచుకొనెడివారము. ఆయన ఇంజను డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. ఉద్యోగమున తోడివారైన ఆంగ్లో ఇండియనుల సాంగత్యమున ఆయనకు ఈ సంగీతముపై మక్కువ పుట్టెనట. అరిగిపోయిన టేపు ఒకటి యుండెను. అది పెట్టి, వాకిట నులకమంచముపై కూర్చుండి, “ఈయన కూడా మనోడేనయ్యా, రైలు బండ్లంటే పిచ్చోడు” అనెడివాడు. ఆ మాట సత్యము. ద్వొర్జాక్ ప్రాగ్ స్టేషనులో ఇంజనుల నెంబర్లు వ్రాసికొనెడివాడని అందరును చెప్పుదురు. టేపు నడుమ నడుమ గరగరలాడుచుండెను, యార్డులో షంటింగు కూతలు అడ్డము వచ్చుచుండెను. ఐనను ఆ ఇంగ్లీషు హారన్ పలుకగానే మాకు గుంతకల్లు లేదు. మునిమాపు వేళ ఏరు, అవతలి గట్టున పుట్టి త్రిప్పుకొనుచు ఒకడు, ఇవతలి గట్టునుండి వానిని పిలుచు ఒక గొంతు. ఆ పిలుపులో మాట తెలియదు. ‘ఓ’ అను దీర్ఘమే తెలియును. ఆ గొంతు తెలుగో కన్నడమో ఈనాటికిని మేము చెప్పలేము.

తరువాత పలుమారులు వింటిమి. విన్న కొలది మా తల్లి తలపునకు వచ్చెడిది. ఆమెకు చదువు రాదు. పాటలు మాత్రము నలుబదికి తక్కువ కాకుండ వచ్చెడివి. రోకలి వేయునపుడు ఒకటి, తిరుగలి త్రిప్పునపుడు ఒకటి, బిడ్డను నిదురపుచ్చునపుడు ఒకటి. వానిలో తెలుగు పాటలు కొన్ని, కన్నడ పాటలు కొన్ని. ఆమె ఎన్నడును వానిని వేరు మూటలు కట్టలేదు. లార్గో చివర ఒక చోటు కలదు. మొదటి పాటయే మరల వచ్చును. ఈసారి పెద్ద బృందము ఉండదు. గొంతు బిగించిన కొద్దిపాటి ఫిడేళ్లు దానిని ఎత్తుకొని, సగములో ఆగిపోవును. నిశ్శబ్దము. మరల ఎత్తుకొని, మరల ఆగును. వాద్యకారులు మరచిపోయిరేమో యని క్రొత్తగా వినువారు అనుకొందురు. మరువలేదు, ద్వొర్జాక్ ఆ నిశ్శబ్దమును కూడ కాగితముపై వ్రాసియే పెట్టెను. మా తల్లి కడపటి నెలలలో అట్లే పాట ఎత్తుకొని, నడుమ చరణము చిక్కక ఆగి, ఇంటి దూలము వైపు చూచుచు, మరల మొదటినుండి ఎత్తుకొనెడిది. మేము తెలుగు పండితులము. పోతన, తిక్కనల పద్యములు వందల కొలది కంఠమున నుండెను. ఆమె వెదకుచున్న ఆ యొక్క చరణము ఏ పుస్తకములోను లేదు, అందించుటకు మా యొద్దను లేదు. లార్గోలో ఆ చోటు వచ్చినపుడు మేము మాటలాడము. ఇంటివారికి అది తెలియును.

ఈ పాట తనది కాదని ఇతరులు తగవులాడిన కథ కూడ కలదు. ఇది నల్లజాతివారి పాట యనియు, ద్వొర్జాక్ ఎత్తుకొనెననియు కొందరనిరి. అది సరికాదు. వారి పాటల స్వభావమును మనసున పట్టించుకొని స్వరములు తానే కట్టితినని ఆయనయే చెప్పెను. తరువాత 1922లో ఆయన శిష్యుడు విలియం ఆర్మ్స్ ఫిషర్ ఈ స్వరములకు ఇంటికి పోవుటను గూర్చిన మాటలు కూర్చి అచ్చువేసెను. ఆ పాట ఎంత వ్యాపించెననగా, అదియే ప్రాచీనమైన భక్తిగీతమనియు, దానినుండియే సింఫనీ పుట్టెననియు జనులు తలక్రిందులుగా నమ్మసాగిరి. జపానులో ఈ స్వరములే సాయంకాలము బడి ముగియు వేళ వాయించుట చాల ఊళ్లలో వాడుక. అక్కడి పిల్లలకు ఇది ఇంటికి పొమ్ము అను గంట. ఇది చెక్ సంగీతమా, అమెరికా సంగీతమా యని పండితులు నేటికిని వాదింతురు. ఎగువ కన్నడమును, దిగువ తెలుగును విను ఏటిగట్టున పెరిగినవారికి ఆ వాదము అంత ఆవశ్యకముగా తోచదు.

ఒక సంగతి మాత్రము చెప్పవలెను. రెండవ మూడవ భాగములకు ప్రేరణ లాంగ్‌ఫెలో వ్రాసిన ‘హయవాథా’ యను అమెరికా కావ్యమని ద్వొర్జాక్ చెప్పెను. ఆయన ఆ కావ్యమును మొదట చదివినది ఇంగ్లీషులో కాదు. అమెరికా ముఖము చూడకముందు ఎన్నో యేండ్ల క్రిందట, చెక్ అనువాదములో. తన భాషలో చదివిన పుస్తకమే ఆయనను కొత్త లోకమునకు దారి చూపెను.

సింఫనీ ముగించిన వేసవిలో ఆయన న్యూయార్కులో నిలువలేదు. అయోవా రాష్ట్రమున స్పిల్‌విల్ అను చిన్న యూరికి పోయెను. అది చెక్ దేశమునుండి వలసపోయినవారు కట్టుకొన్న ఊరు. చుట్టును ఇంగ్లీషు, నడుమ ఒక పిడికెడు చెక్. ఆయన సహాయకుడు యోసెఫ్ కొవార్జీక్ ఆ యూరివాడే. అతని తండ్రి అక్కడి బడిపంతులు. స్వదేశమున విడిచిన నలుగురు బిడ్డలును ఓడ యెక్కి అచ్చటికి వచ్చిరి. ఇల్లు నిండెను. ఉదయమున చర్చిలో ఆర్గను వాయించుచు, ముసలివారితో చెక్ భాషలో పాత ఊళ్ల ముచ్చటలాడుచు, పక్షము దినములలో ఒక చతుర్వాద్యరచనను ముగించి, ఆ పంతులుగారి యింటివారితో కూర్చుండి తానే ఫిడేలు పట్టి మొదటిసారి వాయించెను. మాకు కార్నెగీ హాలు ప్రదర్శన కంటె ఈ దృశ్యమే ప్రియము. పెద్ద పేరుగల మనుజుడు అల్పసంఖ్యాకుల చిన్న యూరిలో, బడిపంతులి యింట, వారి మాటలో మాటలాడుచు మూడు నెలలు హాయిగా నుండెను. 1895లో ఉద్యోగము వదలి స్వదేశమునకు పోయెను. 1904 మే 1న ప్రాగ్‌లో మరణించెను.

ఇట్టి సంగీతము మన వైపునకు ఎన్నడును రాలేదని యనుకొనరాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడిననాడే, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోగా, మన బళ్లారి మైసూరులో చేరెను. అప్పటి మైసూరు రాజప్రముఖుడు జయచామరాజేంద్ర ఒడయరు. ఆయన సంస్కృతమున కృతులు రచించిన వాగ్గేయకారుడు. పాశ్చాత్య సంగీతమునకును గొప్ప పోషకుడు. రష్యా వదలి లండనులో పేదరికమున నున్న నికోలాయ్ మెట్నర్ రచనలను రికార్డు చేయించుటకు ద్రవ్యమిచ్చినవాడు ఆయనయే. మెట్నర్ తన మూడవ పియానో కన్‌చెర్టోను ఆయనకు అంకితము చేసెను. ఆ మహారాజు ఆస్థానమునందే మైసూరు వాసుదేవాచార్యులు, కన్నడనాట పుట్టినవారయ్యును, తెలుగునను సంస్కృతమునను కృతులు వ్రాసిరి. ఇక ఫిడేలు మాట. అది యూరపునుండి వచ్చి మన యింటి వాద్యమైనది. దానిని ఏకవాద్యముగా సభలకెక్కించి ఖ్యాతి తెచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారు విజయనగర సంగీత కళాశాలకు ప్రధానాచార్యులైరి. తెలుగువారైన ఆయన పుట్టినది బెంగుళూరులో, 1893 నవంబరు 8న. ఈ సింఫనీ మొదట వినబడుటకు ఐదు వారములకు ముందు. ఇది వట్టి యాదృచ్ఛికము. తేదీలు చూచుట మాకు అలవాటు కనుక చెప్పితిమి.

కడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతికి లార్గోను ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి వినిపించితిమి. ముందుగా ఏమియు చెప్పలేదు. కొందరు కదలిరి, ఒకడు ఆవులించెను. ముగిసిన పిమ్మట ఏమి తోచెనని యడిగితిమి. ఒకడు, “పుట్టిలో ఒక్కడే పోతున్నట్టుంది సార్” అనెను. కడపటి బల్లపై కూర్చుండు ఒక బాలిక చాల సేపటికి, “మా అవ్వ పాట లాగుంది సార్” అనెను. ఆమె తలిదండ్రులు బెంగుళూరులో కట్టడపు పనులలో నుందురు. ఏ పాట యని అడిగితిమి. చెప్పలేదు. వారము దినముల తరువాత కాపీ పుస్తకపు రెండు పుటలలో ఆ పాట వ్రాసికొని వచ్చెను. మాటలలో సగము తెలుగు, సగము కన్నడము. అన్నింటిని తెలుగు లిపిలోనే వ్రాసెను. ఒకచోట గీత గీసి విడిచెను. ఇదేమని అడుగగా, “అవ్వకి అక్కడ గుర్తు రాలేదు సార్, మళ్లీ అడిగి రాస్తా” అనెను. దానిని మేము దిద్దలేదు.

సింఫనీ మొత్తము వినుటకు సుమారు నలుబది నిమిషములు పట్టును. పిల్లలకు రెండు సంగతులు చెప్పి ముగింతుము. నాలుగవ భాగమున తాళముల వంటి ఇత్తడి పళ్లెరములు గలవాడు ఒకే యొక్కసారి, అదియు మెల్లగా, వాయించును. సింఫనీ యంతటికిని వానికున్న పని అదియే. అది ఎక్కడ వచ్చునో కనిపెట్టుడు. మరియు, చివరి స్వరము ఢంకా మ్రోతతో ముగియదు. సన్నగిలి సన్నగిలి పోవును. అది పూర్తిగా పోవువరకు ఎవరును కుర్చీలు జరుపరాదు. వచ్చు నెల మొదటి శనివారము చివరి పీరియడు పిమ్మట మన పాఠశాలలో దీనిని వినిపింతుము. తలిదండ్రులును, వీలున్నచో అవ్వలును రావచ్చును. కుర్చీలు ఇరువదియే యున్నవి. తక్కినవారు చాపలు తెచ్చుకొనవలెను.